సింబల్స్ తీసేసి, బాంజో పెట్టి: మాంక్స్ చప్పుడు ఎలా తయారైంది

1966లో పశ్చిమ జర్మనీలో పాలిడార్ కంపెనీ 'బ్లాక్ మాంక్ టైమ్' అని ఒక ఎల్పీ వదిలింది. పన్నెండు పాటలు, అన్నీ కలిపి అరగంట దాటవు. వాయించినవాళ్లు ఐదుగురు అమెరికన్లు, ఐదుగురూ మాజీ సైనికులే. క్రైస్తవ సన్యాసుల్లా నడినెత్తి గొరిగించుకుని, చుట్టూ వలయంగా జుట్టు వదిలేసి, నల్లబట్టలు తొడిగి, టై కట్టాల్సిన చోట తాడు ముక్క వేలాడేసుకుని స్టేజీ ఎక్కేవాళ్లు. పేరు ది మాంక్స్. రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. సొంత దేశం అమెరికాలో అప్పట్లో అసలు బయటికే రాలేదు. 1967 అయిపోయేసరికి బ్యాండే లేదు.

ఇప్పుడు వీళ్ల ప్రస్తావన ఎక్కడొచ్చినా వెనకాలే ఒక మాట వస్తుంది: పంక్ రాక్ (డెబ్బైల నడుమ వచ్చిన మోటు, వేగం రాక్) పుట్టడానికి పదేళ్ల ముందే పంక్ వాయించారని. వినడానికి బాగుంటుంది గానీ, ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఆ చప్పుడు ఎవరి ఆలోచన? అది ఏ పనిముట్లతో, ఎలా వచ్చింది? తర్వాతి పంక్ వాళ్లకీ వీళ్లకీ నిజంగా ఏమైనా చుట్టరికం ఉందా? వీటిలో రెండోది అన్నిటికంటే రుచికరం, చాలామంది వదిలేసేదీ అదే.

ముందు మనుషుల సంగతి. గ్యారీ బర్గర్ గిటార్ వాయిస్తూ పాడేవాడు, మిన్నెసోటా నుంచి వచ్చాడు. డేవ్ డే మొదట రిథమ్ గిటార్, తర్వాత బాంజో. ఎడ్డీ షా బేస్ గిటార్. అంతకుముందు ట్రంపెట్, జాజ్ వాసన తెలిసినవాడు. లారీ క్లార్క్ ఆర్గన్, రోజర్ జాన్‌స్టన్ డ్రమ్స్. ఫ్రాంక్‌ఫర్ట్‌కి దగ్గర్లోని గెల్న్‌హౌజెన్‌లో అమెరికన్ సైనిక స్థావరం ఉండేది. వీళ్లు కలిసింది అక్కడే. అప్పటి పేరు ది టార్కేస్. 1964లో సైన్యం నుంచి విడుదలయ్యాక అమెరికా ఓడ ఎక్కకుండా జర్మనీలోనే ఉండిపోయి, క్లబ్బుల్లో వాయించడమే బతుకుతెరువు చేసుకున్నారు.

సైన్యంలోంచి పారిపోయి వచ్చినవాళ్లని ఒక ప్రచారం ఉంది. అది తప్పు. సర్వీసు పూర్తి చేసుకుని, కాగితాలు చేతికొచ్చాకే బయటికొచ్చారు.

జర్మనీ బీట్ క్లబ్బు (బీటిల్స్ తరహా డాన్సు పాటలు వాయించే చోటు) ఉద్యోగం అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన చప్పుడుకి సగం కారణం అదే. గంటన్నర కచేరీ చేసి దండలు వేయించుకుని పోయే వ్యవహారం కాదది. రాత్రికి ఆరేడు గంటలు, వారంలో దాదాపు ప్రతి రాత్రీ. జనం తాగుతూ, అరుచుకుంటూ, డాన్సు చేస్తూ ఉంటారు; ఇంగ్లిష్ పాటలో మాటలు సగం మందికి అర్థం కావు. దరువు గట్టిగా లేకపోతే డాన్సు ఆగుతుంది, డాన్సు ఆగితే బీరు అమ్మకం ఆగుతుంది, అమ్మకం ఆగితే యజమాని మొహం మారుతుంది. టార్కేస్ అందరిలాగే అమెరికన్ రాక్ అండ్ రోల్ పాటలు, ఆనాటి బీట్ పాటలు వాయించేవాళ్లు. సొంత డబ్బుతో ఒక సింగిల్ కూడా వేయించుకున్నారు: ఒకవైపు 'దేర్ షీ వాక్స్', రెండోవైపు 'బాయ్స్ ఆర్ బాయ్స్'. ఈ రెండో పాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఎవరి ఆలోచన?

క్లబ్బులో వీళ్లను చూసి ఇద్దరు జర్మన్ కుర్రాళ్లు మేనేజర్లుగా చేరారు: కార్ల్ రేమీ, వాల్టర్ నీమన్. ఇద్దరూ డిజైన్ చదివినవాళ్లు. రేమీది ఉల్మ్ డిజైన్ స్కూల్, నీమన్‌ది ఎసెన్‌లోని ఫోక్‌వాంగ్ స్కూల్. ఉల్మ్ పేరు తెలియకపోయినా ఆ స్కూలు వాసన మీకు పరిచయమే. బ్రౌన్ కంపెనీ ఆనాటి రేడియోలు, రికార్డు ప్లేయర్లు చూస్తే తెల్లటి పెట్టె, నాలుగు బొత్తాలు, అలంకారం సున్నా. ఆ కంపెనీతో కలిసి పనిచేసిన స్కూలది. అవసరం లేనిదాన్ని తీసేయాలన్నది వాళ్ల పాఠం. రేమీ, నీమన్ ఆ పాఠాన్ని రేడియో మీద కాకుండా ఒక రాక్ బ్యాండ్ మీద ప్రయోగించారు. ఒకే రంగు బట్టలు, ఒకే కత్తిరింపు, కచేరీ లేనప్పుడు వీధిలో కూడా అదే వేషం, పాటలో తక్కువ మాటలు, అనవసరమైన సోలోలు వద్దు. బీటిల్స్ పొడుగు జుట్టు ఊరంతా ఊగిపోతున్న ఏడాది వీళ్లు గుండు గీయించుకున్నారు. ప్రకటనల లెక్కలో ఎంత తెలివైన ఎత్తు అది!

అయితే అంతా మేనేజర్ల బుర్రలోంచే ఊడిపడిందనడం కూడా సరికాదు. మేనేజర్లు రాకముందే గిటార్ ఊళ మొదలైంది. రిహార్సల్లో బర్గర్ గిటార్‌ని, ఆన్‌లో ఉన్న ఆంప్లిఫయర్‌కి ఆనించి పక్కకెళ్లాడు. గిటార్ తనంతట తానే ఊళపెట్టడం మొదలెట్టింది. పరిగెత్తుకొచ్చి ఆపాల్సింది పోయి, జాన్‌స్టన్ ఆ ఊళ మీద డ్రమ్స్ కొట్టడం మొదలుపెట్టాడు. ఆ క్షణంలో మేనేజర్లు లేరు, సిద్ధాంతమూ లేదు. నా లెక్కలో చప్పుడు బ్యాండ్‌ది, దాన్ని చట్రంలో బిగించింది మేనేజర్లు. ఏ ఒక్కరినీ తీసేసినా రెండోవాళ్ల దగ్గర మిగిలేది సాదా సరుకే.

ఐదు వాయిద్యాలు, ఐదు కోతలు

రాక్ బ్యాండ్‌లో పనుల పంపకం మామూలుగా ఇలా ఉంటుంది. డ్రమ్స్‌లో హైహ్యాట్, సింబల్స్ అనే లోహపు పళ్లేలు 'చ్ఛ్ చ్ఛ్' అంటూ పైన మెరుపు పరుస్తాయి. స్నేర్ డ్రమ్ నాలుగు దెబ్బల్లో రెండోది, నాలుగోది మోగిస్తుంది. జనం చప్పట్లు పడేదీ ఆ రెండింటికే. బేస్ గిటార్ కింద నడక నడుస్తుంది. రిథమ్ గిటార్ మధ్యలో ఖాళీ నింపుతుంది. లీడ్ గిటార్ పైన అల్లిక చేస్తుంది. వినేవాడికి హాయిగా ఉండేది ఈ ఎగుడుదిగుడు వల్లనే. మాంక్స్ ఆ ఎగుడుదిగుడునే కోసేశారు.

జాన్‌స్టన్ సింబల్స్ పక్కనపెట్టి టామ్‌ల (చర్మం బిగించిన డ్రమ్ముల) మీద పడ్డాడు. దీనివల్ల రెండు జరుగుతాయి. సింబల్ మోత సాగుతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉన్న సందు కప్పేస్తుంది. అది పోతే సందులు బయటపడతాయి, ప్రతి దెబ్బా విడిగా, బండగా వినపడుతుంది. రెండోది, పై శ్రుతులలో జాగా ఖాళీ అవుతుంది. ఆ జాగాలోకే గిటార్ ఊళ, బాంజో గరగర దూరాయి. చాలా పాటల్లో రెండు, నాలుగు దెబ్బల ఊపు ఉండదు. అన్ని దెబ్బలూ ఒకే బరువుతో పడతాయి. ఊగడానికి వీల్లేదు, కవాతుకి దగ్గర. సైన్యంలో బూట్లు నేలకేసి కొట్టినవాళ్లకి ఆ దరువు కొత్తేమీ కాదు. వాళ్లే దీనికి 'ఓవర్‌బీట్' అని పేరు పెట్టుకున్నారు.

డేవ్ డే గిటార్ మానేసి ఆరు తీగల బాంజో పట్టాడు. అమెరికా పల్లెపాటల్లో వేళ్లతో గలగలా మీటే ఐదు తీగల బాంజో కాదిది. గిటార్ శ్రుతిలోనే ఉంటుంది, గిటార్ పట్టులే పనికొస్తాయి. చేతికి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. తేడా ఒంట్లో ఉంది. గిటార్‌లో చెక్కపలక తీగ కంపనాన్ని నిదానంగా గాలికి అందిస్తుంది, అందుకే స్వరం నిలుస్తుంది. బాంజోలో ఆ చోట బిగించిన చర్మం. తీగ శక్తినంతా ఒక్క గుక్కలో గాలిలోకి కక్కేస్తుంది: మొదట్లో చాలా గట్టిగా, మరుక్షణం ఏమీ లేదు. డప్పు మీద సన్నపుల్ల పడ్డట్టు. దాంతో నిలబడే కార్డు (కలిపి మీటిన స్వరాల గుంపు) ఒక చిటికెగా మారుతుంది. దరువు మీదే వాయిస్తే బాంజో ఇక రెండో డ్రమ్ము. మైకు లోపల పెట్టి, ఆంప్ ద్వారా గట్టిగా వినిపించారు.

షా బేస్ గిటార్ నడక మానేసి దరువుతోపాటే గునపం దింపినట్టు దిగుతుంది. క్లార్క్ ఆర్గన్ నేపథ్యంలో పరుచుకోకుండా ముక్కలు ముక్కలుగా పొడుస్తుంది, మధ్యమధ్య కిర్రుమంటుంది. బర్గర్ గిటార్‌కి, స్వరాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ తోడైంది. అది మాస్ట్రో ఫజ్‌టోన్, 1962లో వచ్చిన సరుకు.

ఇక ఊళ. సభల్లో మైకు కీచుమనడం అందరికీ తెలుసు. స్పీకర్ శబ్దం మైకులో దూరి, మళ్లీ స్పీకర్‌లోంచి పెద్దదై వచ్చి, మళ్లీ మైకులో దూరుతుంది. గిటార్‌లోనూ అదే చక్రం, కాకపోతే మధ్యలో తీగ ఉంది. స్పీకర్ గాలి తీగను కదుపుతుంది, తీగల కింద ఉండే పికప్ ఆ కదలికను కరెంటుగా ఆంప్‌కి పంపుతుంది, ఆంప్ పెంచి స్పీకర్‌కి ఇస్తుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి శబ్దం తగ్గకుండా ఉంటే చాలు, ఊళ నిలబడుతుంది. తీగ తనకిష్టమైన శ్రుతుల్లోనే కంపిస్తుంది కాబట్టి మైకు కీచులా కాకుండా ఇది స్వరంలా పలుకుతుంది. ఫజ్ పెడల్ చిన్న సంకేతాన్ని కూడా విపరీతంగా పెంచుతుంది గనక ఊళ తొందరగా అందుకుంటుంది.

దీన్ని ఇంట్లో ప్రయత్నించేవాళ్లు మొదట చేసే తప్పు వాల్యూమ్ ఒక్కటే పెంచుకుంటూ పోవడం. గిటార్ ఒళ్లు స్పీకర్‌కి ఎదురుగా తిప్పి, రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, అక్కర్లేని తీగలన్నిటినీ అరచేత్తో అదిమిపట్టి, కావలసిన ఒక్క తీగ మీటి వదలాలి. తీగలు అదమకపోతే అన్నీ ఒకేసారి లేచి గోల తప్ప స్వరం రాదు. అడుగు ముందుకో వెనక్కో వేస్తే ఊళ ఒక స్వరం నుంచి పై స్వరానికి గెంతుతుంది. ఎందుకంటే దూరం మారితే, తిరిగొచ్చే శబ్దం ఏ శ్రుతికి కలిసొస్తుందో అదీ మారుతుంది. పాత ఫజ్ పెడళ్లలో ఉండేవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటికి వేడి పడదు. వేడెక్కితే కరెంటు లీకై స్వరం తెగిపోతూ, ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. హాంబర్గ్ చలిలో బతికిన పెడల్ మన మే నెలలో మేడ మీద గదిలో మొరాయిస్తే తప్పు మీది కాదు.

బాంజోతో ఇబ్బంది ఇంకో రకం. బిగించిన చర్మం దానంతటదే పెద్ద మైకులాంటిది. ఆంప్ ఎదురుగా నిలబడ్డారంటే తీగ మీటకముందే 'హూఁ' అని లోతుగా హోరెత్తుతుంది. గిటార్ ఊళలా ఇది పనికొచ్చే శబ్దం కాదు. ఆంప్‌కి పక్కగా నిలబడి, చర్మం వెనక మడిచిన గుడ్డ దోపి, ఆంప్‌లో కింది శ్రుతులు బాగా తగ్గించాలి. తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క, బ్రిడ్జి, అంటించి ఉండదు, తీగల ఒత్తిడితోనే చర్మం మీద నిలబడుతుంది. గట్టిగా బాదితే జరుగుతుంది, జరిగితే పై పట్టులన్నీ శ్రుతి తప్పుతాయి. జరిగిందో లేదో తెలియాలంటే బ్రిడ్జి పాదాల దగ్గర ముందే పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి.

ఇప్పుడు 'బాయ్స్ ఆర్ బాయ్స్' దగ్గరికి వద్దాం. టార్కేస్ సింగిల్‌లో అది ఆ కాలపు బీట్ పాటల్లో ఇంకొకటి, అంతే. అదే పాట 'బాయ్స్ ఆర్ బాయ్స్ అండ్ గర్ల్స్ ఆర్ చాయిస్' అని కొంచెం పొడుగు పేరుతో ఎల్పీలోకి వచ్చింది. అవే చేతులు, అదే పాట. రెండూ వెంటవెంటనే వింటే పైన చెప్పిన కోతలన్నీ పాఠంలా వినపడతాయి. ఈ బ్యాండ్ మీద ఎన్ని వ్యాసాలు చదివినా రాని అవగాహన ఈ అయిదు నిమిషాల్లో వస్తుంది.

మాటల కోత

పాటల్లో మాటలు ఎంత తక్కువంటే కొన్నిటిని పోస్టుకార్డు మీద రాయొచ్చు, ఇంకా చిరునామాకి చోటు మిగులుతుంది. అదే మాట మళ్లీ మళ్లీ, దరువు మీద మేకు కొట్టినట్టు. వినే జర్మన్ కుర్రాళ్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రమే కాబట్టి చిన్న మాటలే చేరతాయన్న లెక్క అందులో ఉంది. 'వీ డూ వీ డూ' అనే పాట పేరులో ఇంగ్లిష్ సగం, జర్మన్ సగం. చెవికి ఒకే మాట రెండుసార్లు అన్నట్టుంటుంది, అర్థానికి 'నువ్వు చేసినట్టే మేమూ'. ప్రేమపాటల కాలంలో 'ఐ హేట్ యూ' అని పేరు పెట్టడం, 'షటప్' అని ఇంకో పాట కట్టడం వేషంలో భాగమే.

ఒక్క పాట మాత్రం వేషం దాటిపోయింది. ఎల్పీ మొదటి పాట 'మాంక్ టైమ్'లో బర్గర్ పాడడు, కేకలు పెడతాడు. వియత్నాంలో పిల్లల్ని ఎందుకు చంపుతున్నారని అడుగుతాడు. అమెరికన్ యుద్ధ బలగాలు పెద్దఎత్తున వియత్నాంలో దిగింది 1965లో. ఆ ఏడాది నవంబరులో వీళ్లు కొలోన్‌లో, జిమ్మీ బోవియన్ అనే నిర్మాత ఆధ్వర్యంలో ఈ రికార్డింగ్ చేశారు. నిన్నమొన్నటిదాకా అదే సైన్యం యూనిఫాం తొడిగినవాళ్లు ఈ మాట అనడం అప్పటికి మామూలు విషయం కాదు. పాలిడార్ అమెరికన్ శాఖ ఈ ఎల్పీని ముట్టుకోకపోవడానికి ఇదొక కారణం.

జర్మనీలో మాత్రం బ్యాండ్‌కి పనికేం లోటు రాలేదు. హాంబర్గ్‌లో, 1961లో బీటిల్స్ వాయించిన టాప్ టెన్ క్లబ్బులోనే వీళ్లూ వాయించారు. 1966లో బీట్‌క్లబ్, బీట్ బీట్ బీట్ అనే రెండు టీవీ కార్యక్రమాల్లో కనిపించారు. ఆ దృశ్యాలు ఇప్పటికీ దొరుకుతాయి, తప్పకుండా చూడాలి. 'మాంక్ చాంట్'లో గిటార్‌ని అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద పడి తీగల్ని నానా హింసా పెడతారు. ఎదురుగా చక్కగా దువ్వుకొచ్చిన కుర్రకారు. కొన్ని మొహాల్లో సరదా, కొన్నిట్లో ఇదేం ఖర్మ అన్న చూపు. ఊరూరా తిరిగినప్పుడు ఆ గుండు, ఆ తాడు మతాన్ని వెక్కిరించడానికే అని మండిపడ్డవాళ్లూ ఉన్నారు.

ఎల్పీ అమ్మకాలు చప్పబడ్డాక కంపెనీ మెత్తబడమంది. 1967లో వచ్చిన చివరి సింగిల్ 'లవ్ కెన్ టేమ్ ద వైల్డ్', 'హీ వెంట్ డౌన్ టు ద సీ' విని ఇది ఏ బ్యాండో చెప్పమంటే చెప్పడం కష్టం. పాటలుగా చెడ్డవేం కాదు. కానీ కోసి పారేసినవన్నీ మళ్లీ తెచ్చి అతికించారు. ఆ ఏడాదే వియత్నాంతో కలిపి ఆసియా యాత్ర ఒకటి కుదిరింది. ప్రయాణం ముందు బ్యాండ్ విడిపోయింది.

పంక్‌కి చుట్టాలా?

'ప్రోటో పంక్', అంటే పంక్‌కి ముందటి పంక్, అన్న బిరుదు వెనక్కి తిరిగి చూసి ఇచ్చేది. అమెరికన్ విమర్శకులు 'పంక్ రాక్' అన్న మాటని వాడడం మొదలుపెట్టిందే 1970ల తొలి ఏళ్లలో, అదీ అరవైలలోని గ్యారేజ్ బ్యాండ్ల (ఇంటి షెడ్డుల్లో సాధన చేసే కుర్రాళ్ల బ్యాండ్ల) గురించి. 1972లో లెనీ కే కూర్చిన 'నగ్గెట్స్' సంకలనం ఆ పాటలకు పునర్జన్మ ఇచ్చింది. అందులో మాంక్స్ లేరు. అమెరికాలో రికార్డే లేనివాళ్లని ఎవరు వింటారు, ఎవరు చేరుస్తారు? న్యూయార్క్, లండన్ పంక్ తరం వీళ్లను విని నేర్చుకుందనడానికి ఆధారం కనపడదు. తాత పోలిక మనవడికొచ్చినట్టు కాదిది. ఒకే రకం కరువులో రెండు ఊళ్లవాళ్లు ఒకే రకం గంజి కాచుకోవడం లాంటిది. తాత్పర్యం తక్కువ, దరువు ఎక్కువ, నైపుణ్య ప్రదర్శన మీద ఏవగింపు, వేషమే వాదన కావడం: ఇవన్నీ రెండు చోట్లా విడివిడిగా పుట్టాయి. పైగా పెద్ద తేడా ఒకటుంది. పంక్ వాళ్లలో చాలామంది వాయించడం రాకపోయినా ఫరవాలేదన్నారు. మాంక్స్‌కి వాయించడం బాగా వచ్చు, రాత్రికి ఆరేడు గంటల సాధన. వచ్చినదాన్ని పూనుకుని మానేశారు. జాజ్ ట్రంపెట్ ఊదినవాడు ఒకే స్వరం మీద పాటంతా నిలబడడం అంత తేలికేం కాదు.

ఊళని రికార్డు మీదికి మొదట ఎక్కించింది వీళ్లేనన్న మాట కూడా నిలవదు. 1964 చివర్లో వచ్చిన బీటిల్స్ 'ఐ ఫీల్ ఫైన్' అలాంటి ఊళతోనే మొదలవుతుంది. 1965లో ది హూ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. మాంక్స్ ప్రత్యేకత మొదట వాడడంలో లేదు. మిగతావాళ్లకి ఊళ పాట మొదట్లోనో మధ్యలోనో ఒక తళుకు. వీళ్లకి అది బ్యాండ్‌లో ఆరో మనిషి.

నిజమైన వారసత్వం కావాలంటే తర్వాతి కాలంలో వెతకాలి. ఇంగ్లండ్‌కి చెందిన ది ఫాల్ అనే బ్యాండ్ 1990లో తమ ఆల్బమ్‌లో మాంక్స్ పాటలు రెండింటిని మార్చి పాడింది. 1994లో జర్మనీలో ఎల్పీ సీడీగా మళ్లీ వచ్చింది. అదే ఏడాది ఎడ్డీ షా బ్యాండ్ జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చాడు. 1997లో గాయకుడు హెన్రీ రోలిన్స్, నిర్మాత రిక్ రూబిన్‌ల లేబుల్ ఆ ఎల్పీని అమెరికాలో వదిలింది, అంటే ముప్పై ఏళ్లు ఆలస్యంగా. 2006లో డీట్‌మార్ పోస్ట్, లూసియా పలాసియోస్ వీళ్ల మీద డాక్యుమెంటరీ తీశారు.

వినదలుచుకుంటే వరస ముఖ్యం. మొదట టార్కేస్ నాటి రికార్డింగులు, తర్వాత 1965 డెమోలు (నమూనా రికార్డింగులు), ఆపైన ఎల్పీ, చివర 1967 సింగిల్. నేరుగా ఎల్పీతో మొదలుపెడితే ఇది చేతకానివాళ్ల గోల అనిపించే ప్రమాదం ఉంది. హెడ్‌ఫోన్స్‌లో బాంజోని వెతకండి; గీరుతున్న రేకుడబ్బాలా వినపడేది అదే.

1999 నవంబరులో న్యూయార్క్‌లోని కేవ్‌స్టాంప్ ఉత్సవంలో పాత ఐదుగురూ మళ్లీ కలిసి వాయించారు. మాంక్స్ పేరుతో సొంత దేశంలో వాళ్లకదే మొదటి కచేరీ. జాన్‌స్టన్ 2004లో, డే 2008లో పోయారు. బర్గర్ మిన్నెసోటాలో టర్టిల్ రివర్ అనే చిన్న ఊరికి మేయర్‌గా ఉంటూ 2014లో కన్నుమూశాడు.